మూడో పేరా

నాంపల్లి కోర్టులకు ఎదురుగా ఉన్న సందులో కూర్చుని ముప్పై ఒక్క ఏళ్లుగా జనం కొట్లాటల్ని ఇంగ్లీషులో పెట్టి బతుకుతున్నాను. మొదట ఒక పాత టైపు మిషను ఉండేది, ఇప్పుడు రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు. బోర్డు మీద ‘శ్యామ్‌సుందర్ జాబ్ టైపింగ్’ అని ఉంటుంది. ఏ కొట్లాటకు ఏ మాట పడాలో నాకు తెలుసు కాబట్టి వకీళ్లు కూడా నా దగ్గరికే వస్తారు. మన దగ్గర లొల్లి అంటే అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఇంగ్లీషులో అట్లా కుదరదు. వకీలు జడ్జి ముందు చేసేది ఆర్గ్యూ. అన్నదమ్ములు నడిమి గోడ కోసం పడేది డిస్ప్యూట్. బస్సులో సీటు దగ్గర మొదలై చొక్కా పట్టుకునేదాకా పోతే ఆల్టర్కేషన్. మొగుడూ పెళ్లాల మధ్య అయితే క్వారెల్. చిన్నచిన్న వాటికి రోజంతా గునుసుకుంటూ ఉండటానికి బికరింగ్ అని ఇంకో మాట ఉంది కానీ దాన్ని నేను ఒక్కసారి కూడా టైపు చేయలేదు. దానికి సెక్షను లేదు.

మా ఇంట్లో నడిచేది మాత్రం అదే. నేనూ వసుమతీ అబిడ్స్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కిటికీ పక్క మిషను కోసం తగవు పడి పరిచయమయ్యాం. ఆమె స్పీడు నిమిషానికి అరవై మాటలు, నాది నలభై ఎనిమిది. ఈ సంగతి ఆమె నాకు వారానికి ఒకసారైనా గుర్తు చేస్తుంది. ఫ్యాను నాకు ఐదు మీద ఉండాలి, ఆమెకు మూడు మీద. బేగం బజార్ నుంచి నేను కొత్త చింతపండు తెస్తే పాతది ఎందుకు తేలేదంటుంది, పాతది తెస్తే పురుగులున్నాయంటుంది. మా అమ్మాయి ఉజ్వల చెవుల్లో దూది పెట్టుకుని చదివి డిగ్రీ పాసైంది. ఇప్పుడు కరీంనగర్‌లో కాపురం చేసుకుంటూ, ఫోన్ చేసినప్పుడల్లా ఇవాళ దేనిమీద అని అడుగుతుంది.

పెళ్లయిన కొత్తలో ఆరేళ్లు షాపులో వసుమతే టైపు చేసింది. మూడో పేరా అప్పుడు తయారైందే. భర్త మీద భార్య ఇచ్చే అర్జీలో మొదటి పేరా ఆమె ఎవరో చెబుతుంది, రెండోది పెళ్లి ఎప్పుడైందో చెబుతుంది, మూడోది భర్త ఏం చేస్తున్నాడో చెబుతుంది. రోజూ క్వారెల్ పెట్టుకుంటాడు, కొడతాడు, చంపుతానని బెదిరిస్తాడు. ఇవి లేకపోతే అర్జీ నిలబడదని వకీళ్లు అనేవారు. ఆ పేరాను మేమిద్దరం రెండు రోజులు కొట్లాడుకుని రాశాం. ‘విథౌట్ రైమ్ ఆర్ రీజన్’, అంటే ఏ కారణమూ లేకుండా, అన్న ముక్క పెట్టాలని ఆమె పట్టు పట్టింది. పోలీసులకు రైములతో ఏం పని అని నేను ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆమె మాటే నెగ్గింది. అప్పటినుంచి పేర్లు మారుతున్నాయి కానీ పేరా మారలేదు.

ప్రతి కాగితం చివర ఇంకో వాక్యం ఉంటుంది. పై విషయాలన్నీ నాకు తెలుగులో చదివి వినిపించగా, సరైనవని ఒప్పుకొని సంతకం చేశాను అని. అది కూడా కంప్యూటర్‌లో ముందే ఉంటుంది. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఎవరికీ ఏదీ చదివి వినిపించలేదు. సందులో ఎవరూ వినిపించరు. బయట లైను ఉంటుంది, నోటరీ భోజనానికి లేస్తుంటాడు, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తే జనం పెట్టేసి పోతారు.

ఈ ఏడు ఉగాది వెళ్లిన రెండో వారం, మధ్యాహ్నం పూట సునంద షాపుకు వచ్చింది. మా వసుమతి తమ్ముడు కరుణాకర్ భార్య. జగదీశ్ మార్కెట్ వెనకాల రెండు గదుల్లో కిరాయికి ఉంటారు. పిల్లలు లేరు. కరుణాకర్ అబిడ్స్‌లోనే ఒక ప్రైవేటు స్కూల్లో ల్యాబ్ అటెండరు. పదకొండేళ్లుగా టెంపరరీ. ఆ సంగతి మనసులో పెట్టుకుని సునంద ఫిబ్రవరిలో అతనికి చెప్పకుండా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, చేతులు జోడించి, మా ఆయన్ని పర్మినెంటు చేయండి అని అడిగిందట. స్టాఫ్ రూములో అందరూ విన్నారు. ఆ సాయంత్రం కరుణాకర్ ఇంటికొచ్చి చొక్కా కొక్కేనికి తగిలించి కూర్చున్నాడు. అప్పటినుంచి ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఇదంతా ఆమె నిలబడే చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“లొల్లి పెట్టుకున్నా నాకు ఫికర్ లేదన్నయ్యా,” అంది. “ఇంతకుముందు పొద్దుమూకులు పెట్టుకునేటోళ్లం. ఇప్పుడు నేను తిట్టినా గోడ దిక్కే చూస్తడు. నలభై రోజులైంది. ఎవరన్న పెద్దోళ్లు కూసోవెట్టి, జర నోరు తెరువమని చెప్పాలె.”

మహిళా పోలీస్ స్టేషన్లో మేడమ్‌లు ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తారని పక్కింటి ఆవిడ చెప్పిందట. దానికో కాగితం కావాలి. వదినకు మాత్రం చెప్పొద్దంది. తమ్ముడి మీద కాగితం రాయించానంటే ఆమె మనసు నొచ్చుకుంటుందని భయం.

నేనే వెళ్లి కరుణాకర్‌తో మాట్లాడతానని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. బయట ఐదుగురు నిలబడి ఉన్నారు. మొదటి పేరా, రెండో పేరా కొట్టాను. మూడోదానికి వచ్చేసరికి ఏం రాయాలో తోచలేదు. మొగుడు మాట్లాడటం లేదని ఏ స్టేషన్లో అర్జీ ఇస్తారు? అలవాటు కొద్దీ వేలు మూడో పేరా మీదికి పోయింది. అలవాటు ఒక్కటే కాదు, అబద్ధం చెప్పను. కాస్త గట్టిగా రాస్తే వెంటనే పిలుస్తారు, వాడు బెదిరి నోరు తెరుస్తాడు, ఇద్దరూ నాలుగు తిట్లు తిట్టుకుని ఇంటికి పోతారు అనుకున్నాను కూడా. నాకు నా తెలివి మీద అంత నమ్మకం.

సునంద తెలుగు చదువుతుంది కానీ ఇంగ్లీషు రాదు. ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. వెళ్లబోతుంటే ఆపి ఒక జాగ్రత్త చెప్పాను.

“ఆడ మేడమ్ ఏమడిగినా ఔ అను. ఇంట్ల లెక్క వాదించకు. వాదిస్తే కాగితం పక్కకు వెడ్తరు.”

సరే అన్నయ్యా అని తలూపి వెళ్లింది.

నాలుగో రోజు పొద్దున ఇద్దరు కానిస్టేబుళ్లు స్కూలుకు వెళ్లి కరుణాకర్‌ను తీసుకొచ్చారు. పరీక్షలు జరుగుతున్నాయి. ల్యాబులో గాజు గ్లాసులు కడుగుతున్నవాడు తడిచేతులతోనే వచ్చాడని తర్వాత తెలిసింది. స్కూలు వాళ్లు వసుమతికి ఫోన్ చేస్తే ఆమె నాకు చేసింది. మేమిద్దరం ఆటోలో వెళ్లాం. దారి పొడుగునా ఆమె ఇదేదో పొరపాటు, వాడు ఒకరి జోలికి పోయే మనిషి కాదు అంటూనే ఉంది. నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

స్టేషన్ వరండాలో బల్ల మీద ఒక చివర కరుణాకర్, ఇంకో చివర సునంద కూర్చుని ఉన్నారు. ఆ పొద్దున మేడమ్ సునందను కూర్చోబెట్టి కాగితంలో ఉన్నదంతా వరసగా అడిగిందట. రోజూ గొడవ పెట్టుకుంటాడా, కొట్టాడా, చంపుతానన్నాడా అని. వాదిస్తే కాగితం పక్కకు పెడతారన్న నా మాట పట్టుకుని అన్నిటికీ సునంద ఔ అంది. కొట్టాడని, చంపుతానన్నాడని చెప్పాక ఇక మాట్లాడించేదేముంది, కేసు కట్టారు.

కరుణాకర్ మమ్మల్ని చూసి కూడా లేవలేదు. భార్య వైపు తిరిగాడు. నలభై నాలుగు రోజుల తర్వాత అతను ఆమెతో మాట్లాడిన మొదటి మాట నేను నా చెవులతో విన్నాను.

“నేను నిన్ను కొట్టిన్నా సునందా?”

“లేదు.”

“చంపుతనన్నన్నా?”

“లేదు. నేను గట్ల చెప్పలే.”

“మరి మేడమ్ అడిగితె ఔ అన్నవ్. నా ముందట్నే అన్నవ్.”

ఆమె తలెత్తి నా వైపు చూసింది. నేను చేసిందేమిటో ఆమెకు ఆ క్షణంలో అర్థమైంది. నేను వాటర్ కూలర్ వైపు చూస్తున్నాను. దాని మీద గ్లాసును గొలుసుతో కట్టేశారు. ఆ గొలుసుకు ఎన్ని లింకులున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

ఎవరు రాశారు అని వసుమతి అడిగింది. సునంద, బయట టైపు చేసేటోళ్ల దగ్గర రాయించిన వదినా, ఎవరో నాకు తెల్వదు అంది. నా భార్య ముందు నా పరువు కాపాడింది. నా కంటే పద్దెనిమిదేళ్లు చిన్నది. నేను రాశాను అని ఆ వరండాలో ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయాను. భయం వేసింది, సిగ్గు వేసింది. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

సునంద లోపలికి వెళ్లి మేడమ్‌తో, నేను చెప్పింది అది కాదు అని బతిమాలింది. పొద్దున ఔనని ఇప్పుడు కాదంటే ఎట్లా, మొగుడి మీద కేసు కట్టగానే అందరూ ఇదే మాట అంటారు అని ఆవిడ అంది. ఆవిడను తప్పు పట్టలేను, రోజూ చూసేది అదే మరి. కరుణాకర్‌తో సంతకం పెట్టించుకుని నోటీసు ఇచ్చి పంపారు. స్కూలు వాళ్లు మూడో రోజే, వచ్చే ఏడాది నుంచి రానక్కర్లేదన్నారు. టెంపరరీ మనిషిని పంపేయడానికి అంతకు మించి కాగితం కూడా అవసరం పడలేదు.

కేసు కాగితం కాపీ ఒకటి వసుమతి అడిగి తెచ్చుకుంది. మరునాడు మధ్యాహ్నం నేను అన్నానికి వచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చదువుతోంది. చదవడం అయ్యాక కాగితం ఒళ్లో పెట్టుకుని మూడో పేరా మీద వేలు పెట్టింది.

“గీ రైమ్ ఆర్ రీజన్ నేను వెట్టిన మాట,” అంది.

నేను కాళ్లు కడుక్కుంటున్నట్టు నటించాను.

“సునంద గిట్ల చెప్పిందా మీకు?”

“లేదు.”

“చదివి వినిపించిన్రా?”

“లేదు.”

ఇక మొదలవుతుందని నేను లోపల తయారయ్యాను. నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. సందులో ఎవరూ వినిపించరు. ఆ పేరా లేకపోతే అర్జీ నిలబడదు. నువ్వు కొట్టిన ఆరేళ్లలో నువ్వు మాత్రం ఎవరికి వినిపించావు? ఈ చివరిది గట్టి దెబ్బ, దాన్ని ఆఖరుకు దాచుకున్నాను. ఆమె అడిగితే కదా చెప్పేది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో చీరల కింద పెట్టింది.

“కరుణాకర్‌కు చెప్పున్రి. మీరే పోయి చెప్పున్రి,” అంది. అంతే.

ఆ రోజు నేను ఫ్యాను ఐదు మీద పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. చెప్పడానికి సిగ్గేస్తుంది కానీ ఆ పూట నాకు హాయిగానే అనిపించింది. వారం గడిచేసరికి ఆ హాయి పోయింది. కొత్త చింతపండూ పాతదీ కలిపి తెచ్చాను, డబ్బాలో పోసి మూత పెట్టేసింది. పేపరు చించి గూట్లో పరిచాను, ఇవాళ్టిదా అని కూడా అడగలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, వేళకు పెట్టేది, వేళకు తినేది. ఉజ్వల ఫోన్ చేసి ఇవాళ దేనిమీద అంటే ఫోను నాకిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

నేను కరుణాకర్ దగ్గరికి వెంటనే వెళ్లలేదు. నాకు చేతనైన పనే చేశాను, ఇంకో కాగితం కొట్టాను. కేసు వద్దు, నేను చెప్పింది ఇది కాదు అని సునంద పేరు మీద అఫిడవిట్. దాన్ని పట్టుకుని ఆమెతో పాటు వకీలు అమరేశ్వరరావు దగ్గరికి వెళ్లాను. ఆయన నాకు ఇరవై ఏళ్ల పరిచయం. కాగితం చదివి నవ్వాడు. ఇది నీ మూడో పేరాయే కదా శ్యామ్‌సుందర్ అన్నాడు. కేసు ఒకసారి నంబరు పడ్డాక ఒక్కతి వద్దంటే పోదని, కోర్టులకు మే నెల సెలవులు రాబోతున్నాయని, జూన్‌లో ఇద్దరూ కలిసి వస్తే చూద్దామని చెప్పాడు. మెట్లు దిగుతుంటే సునంద నాతో, ఇద్దరం కలిసి రావాలంటే ఆయన నాతో మాట్లాడాలె కదన్నయ్యా అంది. నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

కరుణాకర్ అప్పటికే ఇల్లు వదిలి చాదర్‌ఘాట్‌లో రాజనర్సు అనే దోస్తు గదికి మారిపోయాడు. బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసు బిల్డింగు కింద బండ్లకు పార్కింగ్ చిట్టీలు ఇచ్చే పని దొరికింది. మే నెల మధ్యలో, నిప్పులు చెరిగే ఎండలో అక్కడికి వెళ్లాను. షట్టరు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, నువ్వు కూసో బావా అని కుర్చీ నాకిచ్చాడు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. ఆ కాగితం నేను కొట్టాను. సునంద అందులోది ఏదీ చెప్పలేదు. ఔ అనమన్నది కూడా నేనే.

ఒక స్కూటరు వచ్చింది. దానికి చిట్టీ చించి ఇచ్చి, సగం ముక్క డబ్బాలో వేసి, నా వైపు తిరిగాడు.

“మరి ఏం చెప్పింది నీకు?”

“నువ్వు మాట్లాడుతలేవని చెప్పింది. లొల్లి పెట్టుకున్నా ఫికర్ లేదు, నోరు తెరిస్తే చాలన్నది.”

అతను చిట్టీల పుస్తకం అంచు గోకాడు.

“గదే రాయకపోయినవా బావా,” అన్నాడు. “గదే రాస్తె నేను ఆ రోజే ఇంటికి పోదును.”

ఇప్పుడైనా పోవచ్చు కదా, తెలిసింది కదా అన్నాను. నా మీద కోపం ఉంటే నన్ను కొట్టు, తిట్టు, ఆమె మీద పెట్టకు అన్నాను. కోపం ఎప్పుడో పోయిందన్నాడు. ఆమె ఆదివారాలు చాదర్‌ఘాట్‌కు టిఫిన్ డబ్బా తెస్తోందట. వచ్చినప్పుడు తిన్నారా అని అడుగుతుంది, తిన్న అంటాడు. ఎండలు ఎక్కువున్నాయి అంటుంది, ఔ అంటాడు. డబ్బా కడిగి ఇస్తాడు, వెళ్లిపోతుంది.

“కోపం కాదు బావా, భయమైతుంది. పప్పుల ఉప్పు లేదని అందామన్నా, రేపు ఈ మాట ఏ కాగితంల ఎక్కుతదో అనిపిస్తుంది. ఆమెకూ గంతే. నోరు తెరిస్తె నాకు ఏమైతదో అని చూస్కుంట మాట్లాడుతది. గట్ల ఎన్నొద్దులు ఉంటం?”

అతను ఇంకో బండికి చిట్టీ చించాడు. నేను బస్సెక్కకుండా నాంపల్లి దాకా నడిచాను. ఇంటికెళ్లి వసుమతితో చెప్పి వచ్చానన్నాను. ఏమన్నాడని అడిగింది. చెప్పాను. వింటూ చిక్కుడుకాయల ఈనెలు తీసింది. చివరికి మంచిది అని గిన్నె తీసుకుని లేచింది.

జూన్‌లో కోర్టులు తెరిచారు. మృగశిర కార్తె నాడు చేపమందు కోసం ఊళ్ల నుంచి జనం దిగి, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ నుంచి రైల్వే స్టేషన్ దాకా రోడ్డంతా నిండిపోయారు. మా సందులోకి కూడా పిల్లల్ని భుజాల మీద వేసుకుని వచ్చి నీడ పట్టున కూర్చున్నారు. ఆ మందిలోంచి దారి చేసుకుని కరుణాకర్, సునంద ఇద్దరూ వచ్చారు. వేర్వేరుగా కాదు, కలిసే వచ్చారు. నా గుండె ఒక్కసారి తేలికైంది. అమరేశ్వరరావు పంపాడన్నారు. పరస్పర అంగీకారంతో విడాకులకు పిటిషన్ వేస్తే కేసు కూడా దాంతోనే తీసేయించవచ్చని ఆయన చెప్పాడట. ఇద్దరికీ అదే నయమనిపించిందట. నువ్వే టైపు చెయ్యి బావా, వేరేవాళ్లకు మళ్లా మొదటినుంచి చెప్పుకోవాలె అన్నాడు కరుణాకర్.

ఇంకోసారి ఆలోచించమని అడిగాను. సునంద తల అడ్డంగా ఊపింది. ఆలోచించినం అన్నయ్యా, రెండు ఆదివారాలు అదే మాట్లాడుకున్నం, అసలు లొల్లి కాలేదు అంది.

కొట్టాను. ప్రింటు తీశాను. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించబోయి చేయి ఆపేశాను. బయట నిలబడ్డవాళ్లను అరగంట ఆగి రమ్మని షట్టరు సగం దించాను. ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, నా బతుకులో మొదటిసారి, ఒక కాగితాన్ని మొదటి మాట నుంచి తెలుగులో చదవడం మొదలుపెట్టాను. మొదటి పేరా అయింది. రెండో పేరాలో పెళ్లి తేదీ, ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు అని చదివాను.

“ముహూర్తం పది పన్నెండే,” అంది సునంద. “గని తాళి కట్టింది పదకొండు దాటినంక. ఈయన మేనమామ వచ్చేదాక ఆపిన్రు.”

“మా మామ ఎప్పుడో వచ్చిండు,” అన్నాడు కరుణాకర్. “మీ బ్యాండోళ్లు రాలే. మీ నాయిన గేటు కాడ నిలవడి ఫోన్లు చేస్తుండె.”

“బ్యాండు పొద్దుగాల్నే వచ్చింది. టిఫిన్లు వెట్టలేదని అలిగి బయట కూసున్నరు. పెట్టాల్సింది మీ దిక్కోళ్లు.”

“టిఫిన్లు మాదాంట్లకు ఎప్పుడొచ్చినయ్? ఫంక్షన్ హాలు మాది, వంటలు మీయి. ఫోటోలు చూస్కో, మా మామ కుర్చీల కూసొని కాఫీ తాగుతుంటడు.”

“గది కాఫీ కాదు, బూస్టు. ఆయనకు కాఫీ పడదు.”

నేను కాగితం వెనక ముఖం దాచుకున్నాను. కరుణాకర్ ఆమె వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు, చేతులు కదులుతున్నాయి. సునంద కొంగు బిగించింది. ఇద్దరి గొంతులూ పెరిగాయి, సగం షట్టరు కింద నుంచి ఎవరో వంగి చూశారు కూడా. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను. ఆ బూస్టు మీద సాయంత్రం దాకా కొట్లాడుకున్నా నేను షాపు మూసేసి కూర్చునేవాణ్ని.

కరుణాకర్ ఏదో అనబోయాడు. అతని చూపు నా చేతిలో ఉన్న కాగితం మీద పడింది. నోరు మూసుకున్నాడు. బెంచీ మీద కాస్త పక్కకు జరిగాడు.

“సరే,” అన్నాడు నెమ్మదిగా. “ఆమె చెప్పిందే రాయి బావా.”

సునంద కొంగు వదిలేసింది. పది పన్నెండే ఉండనీయండి అన్నయ్యా, పర్వాలేదు అంది.

మిగతాది చదివాను. ఇద్దరి మధ్య సామరస్యం కుదరలేదు, ఔనా? ఔ. కలిసి ఉండే అవకాశం లేదు, ఔనా? ఔ. ఎవరి బలవంతమూ లేదు, ఔనా? ఇద్దరూ ఒకేసారి ఔ అన్నారు. చివరి వాక్యం, తెలుగులో చదివి వినిపించగా అన్నది కూడా చదివాను. ముందు ఆమె పెట్టింది సంతకం, అక్షరాలు దిద్దుకుంటూ. తర్వాత అతను. షట్టరు ఎత్తితే మృగశిర మొదటి వాన చినుకులు పడుతున్నాయి. ఇద్దరూ జనంలో కలిసి కొంత దూరం వెళ్లి, రోడ్డు దగ్గర ఒకరు అబిడ్స్ వైపు, ఒకరు అటు చాదర్‌ఘాట్ బస్సు వైపు పోయారు.

నేను కంప్యూటర్‌లోంచి మూడో పేరా తీసేశాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగదని తెలుసు. షాపు మూసి ఇంటికి వెళ్లాను. వసుమతి కంచం పెట్టింది. సంగతంతా చెప్పాను, బ్యాండువాళ్ల దగ్గర్నుంచి బూస్టు దాకా. ఆ పెళ్లిలో కరుణాకర్‌కు బాసికం కట్టింది ఆమే. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు అలిగారో ఆమెకు తెలియకుండా ఉండదు. నేను చెప్పినదాంట్లో రెండు తప్పులు కావాలనే కలిపాను. ఆమె దిద్దలేదు. వాన పడుతున్నా లేచి వెళ్లి ఫ్యాను ఐదు మీద పెట్టి వచ్చాను. పమిట ఒళ్లంతా కప్పుకుని కూర్చుంది.

పప్పు కలిపి ఒక ముద్ద తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. ఆమె చేతి పప్పులో ఉప్పు ఎప్పుడూ తప్పదు. ముప్పై ఏళ్లుగా నేను తప్పిందని అంటాను, ఆమె మీ నాలుక తప్పిందంటుంది.

“ఉప్పు ఎక్కువైంది,” అన్నాను.

నా ముఖంలోకి చూసింది. ఆ చూపు చూసి, ఇప్పుడంటుంది అనుకున్నాను. ముద్ద చేతిలో పట్టుకుని ఆగాను.

“ఔ,” అంది వసుమతి.